ఆరుగురూ కొట్టేవాళ్ళే అయితే కాసేదెవరు?

పిల్లల చేతిలో ఫోన్ కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పటికీ మండుతుంది, కాదనను. కానీ పోయినేడాది మా చిన్నోడు ఆడుతున్న ఒక ఆటను లాక్కోబోయి, ఎందుకో ఆగి, వాడి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అప్పటికి మా ఇంట్లో మేం చేస్తున్న తప్పు ఒకటి ఆ ఆటలోనే నా కంటబడింది. ఆ సంగతి చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను.

ఎండాకాలం సెలవులకు మా పెద్దక్క కొడుకు బెంగళూరు నుంచి ఆమడగూరు వచ్చి నెల రోజులున్నాడు. పోతూ పోతూ ఎనిమిదో తరగతికి పోబోయే మా వాడికి పోకెమాన్ పిచ్చి అంటించి పోయాడు. పోకెమాన్ అంటే మన పిల్లలు టీవీలో తెలుగు మాటలతో చూసిన ఆ పసుపుపచ్చ పికాచు బొమ్మలే కదా అనుకున్నాను. ఆ బొమ్మలు ముందు వీడియో గేమ్‌గానే పుట్టాయట. 1996లో జపాన్‌లో వచ్చిన ఆట అది. చిన్నప్పుడు పురుగులు పట్టి దాచుకునే అలవాటున్న సతోషి తాజిరి అనే ఆయన తయారుచేశాడు. ఇప్పుడు దాంట్లో వెయ్యికి పైగా వింత జీవులున్నాయి. వాటిలో ఆరింటిని ఏరుకుని జట్టు కట్టి, ఇంకొకరి జట్టుతో తలపడటమే పెద్దపిల్లలు, పెద్దవాళ్ళు ఆడే పోటీ. ఏటా ప్రపంచ పోటీలు కూడా జరుగుతాయి.

మా దగ్గర ఆ గేమ్ ఆడే మిషనూ లేదు, కొనేంత డబ్బూ లేదు. పోకెమాన్ షోడౌన్ అని అభిమానులు తయారుచేసిన ఒక వెబ్‌సైట్ ఉంది. మామూలు ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. పైసా కట్టక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం మా వాడు ఇక్కడ, వాళ్ళన్న బెంగళూరులో. ఒక గంట యుద్ధం.

లాక్కోవాలనుకున్న రోజు వాడు ఫోన్ పక్కన పెట్టి లెక్కల నోట్సు వెనక పేజీలో గళ్ళు గీస్తున్నాడు. అడ్డంగా 18, నిలువుగా 18. ఎక్కాలేమో అనుకున్నాను.

"ఏంరా ఇది?"

"రకాలు మా. నీళ్ళు, నిప్పు, చెట్టు, కరెంటు, మంచు, రాయి, ఉక్కు... మొత్తం పద్దెనిమిది. ఎవురు ఎవుర్ని కొడితే గట్టిగా తగుల్తాదో రాసుకుంటాండా."

నీళ్ళు నిప్పును ఆర్పుతాయి. నిప్పు చెట్టును కాలుస్తుంది. చెట్టు నీళ్ళను తాగేస్తుంది. కరెంటు నేలలోకి ఇంకిపోతుంది కాబట్టి నేల రకం జీవికి కరెంటు దెబ్బ అసలు తగలదు. వింటుంటే సబబుగానే తోచింది. ఫోన్ లాక్కోవాలని చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆ రోజు వాడు ఓడిపోయాడు. ముందు ఆదివారమూ ఓడాడట. ముఖం చిన్నబుచ్చుకుని, "అందరికంటే గట్టోళ్ళనే తీసుకుంటి కదా మా, అయినా ఓడిపోతి" అన్నాడు. వాడి జట్టు చూపించమన్నాను. డ్రాగనైట్, గార్చాంప్, సాలమెన్స్, ఫ్లైగాన్. నాలుగూ డ్రాగన్లే. చూస్తేనే భయమేసేలా ఉన్నాయి. మిగతా రెండూ కొట్టే రకాలే. వాళ్ళన్న ఒకే ఒక్క మంచు రకం జీవిని దింపాడు. ఈ నాలుగింటిలో దేనికైనా మంచు దెబ్బ మామూలుగా తగలదు, నాలుగింతలు తగులుతుంది. ఒకదాని తర్వాత ఒకటి పడిపోయాయి.

మా అత్త గడప దగ్గర కూర్చుని శెనక్కాయలు వొలుస్తా ఇదంతా వింటోంది. ఆమెకు పోకెమాన్ తెలీదు, ఫోన్ కూడా సరిగ్గా తెలీదు. కానీ అంది, "అంతా ఒకే పంట ఏస్తే ఒక్క రోగానికే పోతాది గదరా అబ్బోడా."

మా ప్రాంతం వాళ్ళకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. ఉమ్మడి అనంతపురం జిల్లా అంటేనే శెనక్కాయ. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కె-6 విత్తనం వెయ్యని ఇల్లు మా చుట్టుపక్కల తక్కువ. వాన పడితే చేతికి డబ్బు కనిపించే పంట అదే. ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే మాత్రం తీగ తప్ప కాయ ఉండదు. అందుకే పాతకాలం వాళ్ళు కొన్ని శెనక్కాయ సాళ్ళకు ఒక కంది సాలు వేసేవాళ్ళు. అలసందలు, జొన్నలు, అనుములు కూడా కలిపేవాళ్ళు. కంది వేరు లోతుకు పోతుంది. శెనక్కాయ పీకేసిన రెండు మూడు నెలలకు కోతకు వస్తుంది. నడి వానలు తప్పినా చివరి వానలకు అది కోలుకుంటుంది. అన్నీ బాగా పండిన ఏడు కంది లెక్కలోకే రాదు. వాన తప్పిన ఏడు ఇంట్లో పప్పు ఉడికేది దాని పుణ్యమే.

ఆ సాయంత్రం మేమిద్దరం నోట్సు ముందేసుకుని కొత్త జట్టు మొదలుపెట్టాం. కొత్తగా మొదలుపెట్టే పిల్లలకూ, పక్కన కూర్చునే అమ్మలకూ పనికొస్తుందని మేం చేసిన విధానం చెబుతాను.

ముందు నచ్చినదాన్ని ఒకటి తీసుకోవాలి. మా వాడు గ్యారడోస్ అన్నాడు. నీళ్ళూ గాలీ కలిసిన పెద్ద పాము లాంటి జీవి, ఆరున్నర మీటర్ల పొడవు. తర్వాత అది ఎంత గట్టిగా కొడుతుందని చూడకుండా, అది దేనికి భయపడుతుందని అడగాలి. గ్యారడోస్‌కు కరెంటు దెబ్బ నాలుగింతలు. మరి కరెంటు అంటని వాళ్ళెవరు? నేల రకం. గార్చాంప్‌లో నేల గుణం ఉంది. సరే, దాన్ని పెట్టుకున్నాం. దానికి భయం మంచు. మంచును ఓర్చుకునేది ఉక్కు. ఉక్కు రకం మెటాగ్రాస్‌ను తెచ్చుకున్నాం. మెటాగ్రాస్‌కు నిప్పూ పడదు, నేల దెబ్బా పడదు. అప్పుడు మళ్ళీ మొదటికే వచ్చాం. గ్యారడోస్‌కు నిప్పు సగమే తగులుతుంది, నేల దెబ్బ అసలు తగలదు. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ఇంకా బొక్కలున్నాయి, లేకపోలేదు. కానీ ఒక్క దెబ్బకు అందరూ పడిపోయే పరిస్థితి పోయింది.

నాలుగోదాన్ని నేనే ఎంచుకున్నాను. పేరు బ్లిస్సీ. పొట్ట దగ్గర సంచిలో గుడ్డు పెట్టుకుని ఉంటుంది. దాని కొట్టే బలం 10. పదంటే ఏమీ లేనట్టే. ప్రాణబలం మాత్రం 255. దూరం నుంచి వచ్చే నిప్పు, మంచు, కరెంటు దెబ్బలు చాలావరకు ఓర్చుకుని, తన గాయం తనే మాన్పుకుని మళ్ళీ నిలబడుతుంది. "ఇది ఏమీ కొట్టదు మా, వద్దు" అన్నాడు మా వాడు. "ఉండనీరా, చూద్దాం" అన్నాను.

అయిదోది వాడి ముద్దుల చారిజార్డ్, నిప్పులు కక్కుతూ ఎగిరేది. యుద్ధభూమిలో ఎదుటివాళ్ళు కనపడని రాళ్ళు పరిచిపెడతారు. ఆ రాళ్ళున్నప్పుడు చారిజార్డ్ దిగిందంటే దిగిన ప్రతిసారీ సగం ప్రాణం పోతుంది. దానికి మందు ఏమిటంటే బూట్లు! ఒక్కో జీవికి ఒక్కో వస్తువు ఇవ్వచ్చు. వాటిలో గట్టి బూట్లు కూడా ఉన్నాయి. అవి తొడిగితే రాళ్ళు గుచ్చుకోవు. పల్లేరుకాయల చేలోకి బిడ్డను ఉత్త కాళ్ళతో పంపే తల్లి ఉంటుందా? తొడిగించాం. ఆరోది కరెంటు రకం, వాడే చూసుకున్నాడు.

అక్కడితో అయిపోలేదు. ఒక్కో జీవికి సాధన కోసం 510 పాయింట్లు ఇస్తారు. ప్రాణం, దాడి, కాపు, దూరం దాడి, దూరం కాపు, వేగం అని ఆరు పద్దులు. ఏ ఒక్క పద్దులోనూ 252 దాటకూడదు. మా వాడు మొదట అన్నిటికీ దాడిలో 252, వేగంలో 252 గుమ్మరించాడు. కొత్తవాళ్ళందరూ చేసేది అదేనట. నెల జీతంలో పండగ చీరకు సగం, టీవీకి సగం పెట్టి, బియ్యానికి అప్పు చేసినట్టు. నెల ఖర్చుల చిట్టా రాసే ఏ ఆడమనిషైనా ఆ 510ని వాడికంటే బాగా పంచగలదు. నేను పంచాను.

ఆ ఆదివారం కూడా ఓడిపోయాం. కానీ చివరి ఒక్కటి మిగిలేదాకా లాగి ఓడిపోయాం. ఆ పైవారం గెలిచాం. ఆట చివర నిలబడి ఉన్నది బ్లిస్సీ. మా వాడు గడప దాకా ఉరికి, "అవ్వా, గెలిస్తిమి!" అని అరిచాడు. నాకొచ్చిన సంతోషం చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది కానీ, రెండు రోజులుంది.

ఇక అసలు సంగతికి వస్తాను.

మా పెద్దమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ. పదిలో మంచి మార్కులు వచ్చాయని దూరంగా ఒక పెద్ద ఊళ్ళో, హాస్టల్ ఉన్న కాలేజీలో చేర్పించాం. నీట్ రాసి డాక్టరు కావాలని. మా ఇంట్లో డబ్బు అంతా అక్కడికే. మాటలన్నీ దాని గురించే. మొక్కులన్నీ దాని పేరు మీదే. కదిరి నరసింహస్వామికి కూడా దాని ర్యాంకే చెప్పుకున్నాం. చిన్నోడు మామూలు మార్కుల పిల్లవాడు. వాడిని ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. కానీ ఎవరైనా వస్తే, "పెద్దది బాగా చదువుతాది, వీడిదేముందిలే" అనేవాళ్ళం. నేనూ అన్నాను.

ఆదివారం మా ఆయన ఫోన్‌కు పాప ఫోన్ వస్తుంది. పది నిమిషాలే సమయం. నేను, "తిన్నావా, టెస్టులో ఎంతొచ్చింది, ర్యాంకు ఎంత?" ఆయన, "బాగా చదువమ్మా." తర్వాత ఫోన్ వీడు లాక్కునేవాడు. వీడు మాట్లాడేదంతా పోకెమానే. ఏది గెలిచింది, ఏది పడిపోయింది, అవ్వ ఏమన్నది. అక్కాతమ్ముళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. "ఒరే, దాని టైము పాడుచెయ్యద్దురా" అని ఎన్నిసార్లు ఫోన్ లాక్కున్నానో.

కార్తీకంలో ఒక రాత్రి వాడు నా పక్కన పడుకుని అడిగాడు. "మా, మనింట్లో జట్టు కూడా నా ఫస్టు జట్టు మాదిరే ఉండాది కదా?"

"అంటే?"

"అందరం అక్క మీదనే పెట్టినాం. అక్కకు ఆడ నిద్ర పట్టల్యాదంట. అన్నం తినబుద్ధి కాదంట. నీకు చెప్పొద్దనింది. ఫీజు కట్టినారు గదా, అమ్మోళ్ళు బాధపడతారనింది."

నాకు ఆ రాత్రి నిద్ర లేదు. పదహారేళ్ళ పిల్ల తన బాధ తల్లికి చెప్పలేక పదమూడేళ్ళ తమ్ముడికి చెప్పుకుంది. వాడు వారం వారం ఆ పది నిమిషాల్లో దాన్ని నవ్వించి పంపుతున్నాడు. నేనేమో ఫోన్ లాక్కుంటున్నాను.

ఈ ఆటలో పెద్దవాళ్ళ ప్రపంచ పోటీ ఒకటుంది, దాని కథ తర్వాత వాడే నాకు చెప్పాడు. అక్కడ ఇద్దరిద్దరు జీవులు ఒకేసారి దిగుతారు. ఆరింటిని చూపించి, నాలుగింటినే ఆడించాలి. 2014లో అమెరికాలోని వాషింగ్టన్ డి.సి.లో దక్షిణ కొరియా కుర్రాడు సేజున్ పార్క్ ఆ పోటీ గెలిచాడు. అతని జట్టులో పచిరిసు అని ఒక ఉడుత లాంటిది ఉంది. నలభై సెంటీమీటర్ల ఎత్తు, నాలుగు కిలోలు కూడా లేదు. పెద్ద పోటీల్లో దాన్ని ఎవరూ లెక్క చేసేవాళ్ళు కాదు. అతను దాన్ని గ్యారడోస్ పక్కన నిలబెట్టాడు. 'నా వైపు రండి' అని పిలిచే విద్య దానికి తెలుసు. అది ఆ విద్య వాడితే ఎదుటివాళ్ళు గ్యారడోస్ మీద వేసిన దెబ్బ దీని మీదకు తిరుగుతుంది. గ్యారడోస్‌ను కూల్చే కరెంటు దెబ్బ దీనికి తగిలితే దీని ప్రాణం తగ్గదు, పెరుగుతుంది. అది అడ్డుగా నిలబడితే గ్యారడోస్ తన పని తాను చేసుకుంది.

ఆ కథ విన్నప్పుడు నాకు మా చిన్నోడే కనిపించాడు. మనలో చాలామందికి తమ ముఖమే కనిపిస్తుందేమో. ఇంట్లో సంపాదించేవాళ్ళ పేరు, ర్యాంకు తెచ్చేవాళ్ళ పేరు ఊరంతా తెలుస్తుంది. మామగారి కోపం, అప్పులవాడి మాట, బిడ్డ జ్వరం ముందు తమ మీదకు తిప్పుకునేవాళ్ళ పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా ఉండదు. అయితే ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. కాసేవాళ్ళు ఎప్పుడూ కాస్తూనే ఉండాలని నేను అనడం లేదు. బ్లిస్సీనైనా రాయి లాంటి దెబ్బకు పదేపదే ఎదురుపెడితే కూలిపోతుంది. అది చూసి మార్చుకోవడం కూడా ఆడించేవాళ్ళ పనే. పదమూడేళ్ళ పిల్లవాడి మీద మేం ఎంత బరువు వేశామో మాకే తెలియకపోవడం మా తప్పు.

సంక్రాంతికి పాపను ఇంటికి తెచ్చుకున్నాం. ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. కట్టిన ఫీజు వెనక్కి రాదన్నారు. మా ఆయన మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "అందరి పిల్లలూ ఉండల్యా?" అన్నాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. ఆ డబ్బు శెనక్కాయలు అమ్మిన డబ్బు. మా అత్తే, "బిడ్డ ఉంటే సదువు ఏడైనా సదువుకుంటాది" అని తేల్చింది. ఇప్పుడు పాప కదిరిలో మా అమ్మ దగ్గర ఉండి చదువుతోంది. నీట్ రాస్తుంది. సీటు వస్తుందో రాదో నాకు తెలీదు. రాకపోతే అగ్రికల్చర్ బీఎస్సీ అంటోంది, నర్సింగ్ అంటోంది. తను రెండు మూడు దారులు చెబుతుంటే మా ఆయన ఇప్పుడు వింటున్నాడు. అన్నం తింటోంది. నాకు ముందు అది చాలు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఒక్క బిడ్డ మీద ఇంటి ఆశంతా పెట్టడం ఆ బిడ్డకు గౌరవం కాదు, భారం. రెండో బిడ్డకు అన్యాయం. ఇంటికి ప్రమాదం. అందరినీ ఒకే కొలతతో కొలిస్తే ఆ కొలతకు అందని గుణాలు మన కంటికే ఆనవు. వీడు ఎందులో గట్టి అని అడగడం మానక్కర్లేదు. దాంతోపాటు వీడికి ఎక్కడ దెబ్బ తగులుతుంది, అప్పుడు పక్కన ఎవరుంటారు అని కూడా అడగాలి. మేం ఆ రెండో ప్రశ్న అడగలేదు.

ఇది చదివి రేపటి నుంచి పిల్లలకు ఫోన్ ఇచ్చి వదిలెయ్యమని చెప్పడం లేదు. డబ్బు పెట్టి ఆడే ఆటల సంగతి వేరు. ఆన్‌లైన్ రమ్మీతో ఇళ్ళు గుల్లవుతున్నాయనే కదా మన రాష్ట్రంలో 2020లోనే దాన్ని నిషేధించారు. 2025లో కేంద్రం కూడా డబ్బు ఆటల మీద చట్టం తెచ్చింది. మా ఇంట్లో షరతులు మూడు. ఆదివారం ఒక్క గంట. అసలు పేరు పెట్టుకోకూడదు, తెలియనివాళ్ళతో కబుర్లు వద్దు. ఓడిపోతే ఎందుకు ఓడామో నోట్సులో ఒక్క లైను రాయాలి. మూడోది వాడికి చదువులో కూడా అలవాటైంది. లెక్కల్లో తప్పిన ప్రతి దాని కింద ఇప్పుడు ఒక లైను రాస్తున్నాడు. మార్కులు పెద్దగా పెరగలేదు, అబద్ధం ఎందుకు.

పోయిన జూన్‌లో విత్తనం వేసేటప్పుడు మా ఆయన చాలా ఏళ్ళ తర్వాత శెనక్కాయ మధ్య కంది సాళ్ళు వేయించాడు. ఎందుకని నేను అడగలేదు. గట్టు మీద నిలబడి మా వాడు మాత్రం సాళ్ళు లెక్కపెట్టి, "నాయనా, ఇప్పుడు కుదిరింది జట్టు" అన్నాడు. ఆయనకు ఆ మాట అర్థమైందో లేదో గానీ, నవ్వాడు.